ఆజ్ఞయు అంతరాత్మయు: ఒక గ్రంథ విమర్శనము

ఒక మనుష్యుడు చేయరాని పని చేసినాడని విన్నప్పుడు మనము మొదట అడుగు ప్రశ్న యొక్కటే: వాడెట్టివాడు? కోడలిని బాధించిన అత్త రాక్షసి. లంచము పుచ్చుకొన్న గుమాస్తా నీచుడు. వీధిలో పడిపోయిన వానిని చూచియు చూడనట్లు పోయినవాడు కఠినాత్ముడు. ఇట్లొక పేరు పెట్టుటతో మన విచారణ ముగియును. ఆ సమయమున అతని చుట్టు ఎవరున్నారు, ఎవరేమి చెప్పిరి, అతనికంటె ముందు మఱెవ్వరైనను కాదనిరా అను ప్రశ్నలు మనకు తోచవు. అదే తప్పు మనము చేసినప్పుడు మాత్రము ఈ ప్రశ్నలన్నియు వరుసగా తోచును. అప్పుడు గుణము మాట మఱచి పరిస్థితులను వర్ణింప మొదలిడుదుము. పరుల నడవడిలో గుణమును హెచ్చుగను, పరిస్థితిని తక్కువగను లెక్కించు ఈ యలవాటును 1977లో లీ రాస్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మానవుల తీర్పులలోని మూలదోషముగా పేర్కొనెను. నడవడి యనునది మనిషి, అతని పరిసరము అను రెండిటి కలయిక వలన పుట్టునని కుర్ట్ లెవిన్ 1936లోనే చెప్పియుండెను. కాని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట యింటింటి మాట యగుటకు ఒక గ్రంథము కావలసివచ్చినది.

ఆ గ్రంథము స్టాన్లీ మిల్‌గ్రామ్ 1974లో ప్రకటించిన ‘ఒబీడియెన్స్ టు అథారిటీ’. అధికారమునకు విధేయత యని దానిని తెలుగున పిలువవచ్చును. అది వెలువడి యేబది యేండ్లు దాటినది. దానిని మెచ్చినవారును, తెగడినవారును నేటికిని తగ్గలేదు. చదువుకొన్న ప్రతి గృహస్థునకును, గృహిణికిని ఆ గ్రంథముతో పని కలదని మేము తలంచుచున్నాము. అయితే దానిని ఎట్లు చదువవలెనను విషయమున మాకు గ్రంథకర్తతోనే కొంత భేదాభిప్రాయము కలదు. ఈ వ్యాసమున రెండు సంగతులను విన్నవించెదము.

మిల్‌గ్రామ్ 1933లో న్యూయార్కు నగరమున యూదుల యింట జన్మించెను. అతని తలిదండ్రులు తూర్పు ఐరోపా నుండి వలస వచ్చినవారు. జర్మనీ నాజీ ప్రభుత్వము అరువది లక్షల యూదులను సంహరించిన ఘోరము అతని బాల్యమున జరిగినది. ఆ పనిలో పాల్గొన్న అడాల్ఫ్ ఐక్‌మన్ అను అధికారిపై 1961 ఏప్రిలులో జెరూసలేమున విచారణ ప్రారంభమాయెను. పైవారి యాజ్ఞలను నెరవేర్చితినేగాని నా దోషమేమియు లేదని యతడు వాదించెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో మిల్‌గ్రామ్ యేల్ విశ్వవిద్యాలయమున తన ప్రయోగములను ఆరంభించెను. ఆజ్ఞ యనునది సామాన్యుని ఎంత దూరము నడిపించునో కొలిచి చూడవలెనని యతని సంకల్పము.

ప్రయోగవిధానమిది. న్యూహేవెన్ నగరపు వార్తాపత్రికలో ఒక ప్రకటన వెలువడెను. జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధనకు మనుష్యులు కావలెననియు, ఒక గంట పనికి నాలుగు డాలర్లును, దారిఖర్చులకు అర డాలరును ఇచ్చెదమనియు అందులో చెప్పిరి. తపాలా గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వ్యాపారుల ప్రతినిధులు, ఇంజనీర్లు, కూలీలు వచ్చిరి. వచ్చినవానిని ఉపాధ్యాయుడనిరి. మఱియొకనిని శిష్యుడని కుర్చీకి కట్టివేసిరి. శిష్యుడు జంట పదములను జ్ఞాపకముంచుకొని చెప్పవలెను. తప్పిన ప్రతిసారియు ఉపాధ్యాయుడు ఒక మీట నొక్కి వానికి విద్యుదాఘాతము కలిగింపవలెను. యంత్రమున ముప్పది మీటలుండెను. మొదటిది 15 వోల్టులు, కడపటిది 450 వోల్టులు. ఒక్కొక్క మీటకు హెచ్చు 15 వోల్టులు మాత్రమే. చివరి మీటలకు సమీపమున ప్రమాదమను హెచ్చరిక వ్రాసియుండెను. నిజమునకు ఆ యంత్రము ఎవరికిని ఆఘాతము కలిగింపదు. శిష్యుడు వేషధారి. అతని యఱపులు ముందే సిద్ధపఱచినవి. ఉపాధ్యాయుడొక్కడే ఈ మర్మ మెఱుగడు. అతడు సందేహించినప్పుడు, బూడిదరంగు కోటు ధరించిన ప్రయోగకర్త ప్రక్కన కూర్చుండి, సాగింపుమని యొకసారి, ప్రయోగమునకు ఇది యవసరమని యొకసారి, ఇట్లు నాలుగు మెట్లుగా శాంతస్వరముతో చెప్పును. తిట్టు లేదు, కొట్టు లేదు, బెదరింపు లేదు. తలుపు మూసియుంచిన వారును లేరు.

ఇట్టి సందర్భమున మీరేమి చేయుదురని మిల్‌గ్రామ్ మానసిక వైద్యులను, విద్యార్థులను, మధ్యతరగతి గృహస్థులను కలిపి 110 మందిని అడిగెను. ఒక్కరైనను తాము తుదిదాక పోవుదుమని చెప్పలేదు. వేయిమందిలో ఒక్కడు మాత్రము చివరి మీట నొక్కునేమో యని వైద్యులు లెక్కవేసిరి. ఫలము వేఱుగా నుండెను. 1963లో ప్రకటించిన మొదటి ప్రయోగమున నలుబదిమందిలో ఇరువదియాఱుగురు 450 వోల్టులదాక పోయిరి. మున్నూఱు వోల్టులకు ముందు ఆగినవాడొక్కడును లేడు. వారందఱును క్రూరులా? కారు. వారికి చెమటలు పోసెను, చేతులు వణకెను. పదునలుగురు ఆపుకొనరాని వెఱ్ఱినవ్వు నవ్విరి. ఆపుదుము ఆపుదుమనుచునే మీటలు నొక్కిరి. మనస్సు ఒక దారిని, చేయి మఱియొక దారిని పోయినది.

ఇంతవఱకు లోకము నాలుకపై నున్న కథయే. గ్రంథము చదువనివారును దీనిని చెప్పుదురు. మనుష్యుడు ఆజ్ఞకు దాసుడను ఒక్క వాక్యముతో దానిని ముగింతురు. కాని గ్రంథము యొక్క నిజమైన విలువ ఈ మొదటి ప్రయోగమున లేదని మా యభిప్రాయము. మిల్‌గ్రామ్ ఓపికతో ఒక్కొక్క యంశమును మార్చి మార్చి చేసిన పదునెనిమిది ప్రయోగములను గ్రంథమున వర్ణించినాడు. అందే దాని ప్రాణమున్నది.

శిష్యుని ప్రక్కగదిలో గాక అదే గదిలో కూర్చుండబెట్టినప్పుడు తుదిదాక పోయినవారు నలుబదిమందిలో పదునాఱుగురు. శిష్యుని చేతిని తన చేతితో పట్టి పలకపై నొక్కవలసివచ్చినప్పుడు పండ్రెండుగురు. ప్రయోగకర్త గది విడిచి టెలిఫోనులో ఆజ్ఞ లిచ్చినప్పుడు విధేయులు ఐదింట నొకవంతుకు దిగిరి. అందులోను కొందఱు తక్కువ మీట నొక్కి, పెద్ద మీట నొక్కితిమని ఫోనులో బొంకిరి. ప్రయోగమును విశ్వవిద్యాలయ భవనము నుండి బ్రిడ్జిపోర్టు పట్టణములోని సామాన్యమైన వ్యాపారభవనమునకు మార్చినప్పుడు పందొమ్మిదిమంది. ఇద్దఱు ప్రయోగకర్తలు ఒకరు సాగింపుమనియు, మఱియొకరు ఆపుమనియు వాదులాడినప్పుడు సాగించినవాడు ఒక్కడును లేడు. స్త్రీలను పిలిచి చేసినప్పుడు వచ్చిన సంఖ్య పురుషుల సంఖ్యయే, ఇరువదియాఱు.

ఈ పట్టికలో మఱి రెండు ప్రయోగములను ప్రత్యేకముగా పేర్కొనవలెను. ఒకదానిలో మీట నొక్కుట మఱియొకని పని. వచ్చినవాడు ప్రశ్నలు చదువుట వంటి ఉపాంగమైన పని మాత్రమే చేయవలెను. అప్పుడు నలుబదిమందిలో ముప్పదియేడుగురు తుదిదాక కూర్చుండిరి. రెండవదానిలో అతని ప్రక్కన తోటి ఉపాధ్యాయులుగా ఇద్దఱు వేషధారులుండి, ఒకని తరువాత నొకడు ఇక మేము చేయమని లేచి ప్రక్కకు పోయిరి. అప్పుడు తుదిదాక పోయినవారు నలుగురే. ముప్పదియాఱుగురు తిరస్కరించిరి. పట్టణ మదియే, ప్రజ లట్టివారే, యంత్ర మదియే. ముప్పదియేడునకును నాలుగునకును నడుమనున్న దూరము మనుష్యుల గుణములోని దూరము కాదు. పని పంచిన తీరులోను, తోడు దొరకిన తీరులోను ఉన్న దూరము.

ఈ వర్ణనలలో గ్రంథకర్త శైలి మెచ్చదగినది. అంకెలు చెప్పి ఊరకొనక వ్యక్తులను మన కన్నుల యెదుట నిలుపును. జర్మనీలో పెరిగి వచ్చిన యొక వైద్య సాంకేతికోద్యోగిని 210 వోల్టుల వద్ద ఏ యావేశమును లేక, ఇది తగదని చెప్పి లేచిన తీరును. హాలండు నుండి వచ్చిన యొక ఇంజనీరు, నీకు వేఱు మార్గము లేదని ప్రయోగకర్త పలుకగా, తనకు మార్గము కలదని నిబ్బరముగా బదులుచెప్పిన తీరును చదివినవారు మఱువలేరు. విధేయత దుఃఖముతోను వణకుతోను నిండియుండగా, అవిధేయత ఎంత సాదాగా నుండునో ఈ పుటలు చూపును. వీరత్వమనగా కేకలు వేయుట యనుకొను మనకు ఇది మంచి పాఠము.

ఇక దోషములు. మొదటిది సిద్ధాంతమునకు సంబంధించినది. ఇంత చక్కని సామగ్రిని కూర్చిన గ్రంథకర్త, దానికి కారణము చెప్పబూనినప్పుడు ఒక్కసారిగా బలహీనుడైనాడు. అధికారి యెదుట నిలిచిన మనిషి తన కర్తృత్వమును వదలి, ఇతరుని సంకల్పమునకు తాను సాధనము మాత్రమేయను దశలోనికి మారిపోవునని యతని వాదము. నిమిత్తమాత్ర దశ యని మనము దానిని పిలువవచ్చును. దీపము మీట నొక్కినట్లు మనస్సు ఒక దశ నుండి మఱియొక దశకు మారునట. అట్లయినచో ఆ చెమటలేల? ఆ వణకేల? నిజముగా కర్తృత్వమును వదలినవాడు నిద్రపోవునట్లు శాంతముగా నుండవలెను గదా! దూరము తగ్గినకొలది అఱువదియైదు శాతము నలుబదియై, నలుబది ముప్పది యగుటకు ఈ మీట యెట్లు కారణము చెప్పును? అదే గదిలో, అదే యాజ్ఞ విని, మూడింట నొకవంతునకు మించినవారు లేచిపోయిరి. వారి సంగతి యేమి? గ్రంథములోని సంఖ్యలే గ్రంథములోని సిద్ధాంతమునకు ఎదురు సాక్ష్యము చెప్పుచున్నవి.

తరువాతి పరిశోధకులు చూపిన యొక విశేషము ఇక్కడ గమనింపదగినది. 2006లో జెర్రీ బర్గర్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో ఈ ప్రయోగమును 150 వోల్టులకు పరిమితము చేసి మరల జరిపి, ఫలితమును 2009లో ప్రకటించెను. నాలుగు మెట్ల హెచ్చరికలలో కడపటిది, నీకు వేఱు మార్గము లేదు, సాగింపవలసినదే యనునది. అన్నిటిలో నిజమైన ఆజ్ఞ యదియే. ఆ మాట వినినవారెవ్వరును సాగింపలేదు. ప్రయోగమునకు అవసరమను మాట విని సాగినవారున్నారు. ఆజ్ఞకు దాసులైనచో కఠినమైన యాజ్ఞకు హెచ్చుగా లోబడవలెను. ఇక్కడ తారుమారైనది. దీనిని బట్టి అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ అను విద్వాంసులు, ఆ మనుష్యులు గ్రుడ్డిగా లోబడినవారు కారనియు, విజ్ఞానమను గొప్పపనికి తోడ్పడుచున్నామను నమ్మకముతో నడచినవారనియు వాదించిరి. మాకు ఈ వాదమే సమంజసముగా తోచుచున్నది. చెడుపనిని చెడుపనియని చెప్పి చేయించువాడు లోకమున అరుదు. శాస్త్రమని, మర్యాదయని, సంప్రదాయమని, వంశగౌరవమని మంచి పేరొకటి తగిలించియే చేయింతురు.

రెండవ దోషము, దాచిన సంగతి. 1962లో, ప్రయోగముల తుదిదశలో మిల్‌గ్రామ్ మఱియొక పరీక్ష చేసెను. ఉపాధ్యాయునిగను శిష్యునిగను అపరిచితులను గాక, స్నేహితులనో, బంధువులనో, ఇరుగుపొరుగువారినో జంటలుగా పిలిచెను. ఇరువది జంటలలో తుదిదాక పోయినవారు మువ్వురు మాత్రమే. పదునేడుగురు తనవానిని బాధింపజాలమని ఆగిరి. బాంధవ్యము ఆజ్ఞను జయించినదని చెప్పుటకు ఇంతకంటె ఏమి సాక్ష్యము కావలెను? అయినను గ్రంథమున దీని ప్రసక్తి లేదు. 1984లో గ్రంథకర్త చనిపోయిన చాలకాలమునకు, యేల్ విశ్వవిద్యాలయములో భద్రపఱచిన కాగితముల నుండి పరిశోధకులు దీనిని వెలికిదీసిరి. కారణ మేదియైనను, భయంకరమైన చిత్రమునకు తగని రంగును చిత్రకారుడు వాడక మానినట్లున్నది. లోకమునకు మనుష్యుని బలహీనతను చూపినవాడు అతని బలమును గూడ చూపియుండవలసినది.

మూడవది ధర్మమునకు సంబంధించినది. వచ్చినవారిని నమ్మించి, వారి మనస్సులను అంత క్షోభపెట్టుటకు శాస్త్రజ్ఞునకు హక్కెక్కడిదని డయానా బౌమ్‌రిండ్ 1964లోనే ప్రశ్నించెను. పాల్గొన్నవారిలో నూటికి ఎనుబదినలుగురు తరువాత సంతోషమునే తెలిపిరని మిల్‌గ్రామ్ బదులు చెప్పెను. కాని ఆస్ట్రేలియా రచయిత్రి జీనా పెర్రీ యేల్‌లోని ధ్వనిముద్రణలను విని, పాల్గొన్నవారిలో కొందఱిని కలిసి 2012లో ప్రకటించిన గ్రంథము ఈ సమాధానమును నిలువనీయదు. ప్రయోగకర్త నాలుగు మాటలతో ఆగక, వచ్చినవారితో వాదించి ఒత్తిడిచేసిన సందర్భములున్నవనియు, ఆఘాతము లబద్ధమని చాలమందికి వెంటనే చెప్పలేదనియు ఆమె చూపెను. శిష్యుడు నిజముగా బాధపడుచున్నాడని నమ్మినవారే హెచ్చుగా తిరస్కరించిరని ఆమెయు సహపరిశోధకులును తరువాత గ్రంథకర్త సేకరించిన సమాధానముల నుండియే తేల్చిరి. విధేయతను పరీక్షించు శాస్త్రజ్ఞుడు తాను గూడ విజ్ఞానమను గొప్ప పేరునకు విధేయుడై, యెదుటివాని బాధను లెక్కింపకుండుట ఈ గ్రంథములోని పెద్ద వ్యంగ్యము. దానిని గ్రంథకర్త గమనించినట్లు కనబడదు.

ఐక్‌మన్‌తో పోలికయు నేడు నిలువదు. అతడు ఆజ్ఞలు మోసిన గుమాస్తా కాడనియు, తన పనిని గర్వముతో నమ్మి చేసినవాడనియు బెట్టినా స్టాంగ్‌నెత్ 2011లో ప్రకటించిన గ్రంథము అతని వ్రాతలతోను మాటలతోను నిరూపించినది. న్యాయస్థానమున వినయము నటించినవాని మాటను సిద్ధాంతమునకు పునాదిగా గైకొనుట తగదు.

ఇన్ని దోషములుండగా గ్రంథమును పాఱవేయుదమా? వలదు. దాని ఫలితము మరల మరల నిలిచినది. బర్గర్ ప్రయోగమున నలుబదిమందిలో ఇరువదియెనమండ్రు 150 వోల్టులు దాటుటకు సిద్ధపడిరి. 2017లో ప్రకటించిన పోలండు పరిశోధనలోను నూటికి తొంబదిమంది 150 వోల్టుల మీటదాక పోయిరి. సంభవము నిజము. కారణము మాత్రము గ్రంథకర్త చెప్పినది కాదు. అతని పట్టికలను మనమే చదివి, మనమే అర్థము చెప్పుకొనవలెను. మా చదువున తేలినది ఇది: పరిస్థితి యనునది కంటికి కనబడని ఒకే మహాశక్తి కాదు. అది దూరము, స్వరము, చిన్నచిన్న మెట్లు, పనిని ముక్కలు చేయుట, తోడు, గొప్ప పేరు మొదలైన సామాన్య వస్తువుల కూర్పు. వానిలో ప్రతియొక్కటియు మనుష్యుడు అమర్చినదే. మనుష్యుడు మార్చగలదే.

ఈ దృష్టితో చూచినచో గ్రంథము అమెరికా నుండి లేచి మన నట్టింటికి వచ్చును. యేల్‌లో ప్రయోగము ఆరంభమైన 1961లోనే మన దేశమున వరకట్న నిషేధ చట్టము వచ్చినది. చట్టము వచ్చినను కట్నము పోలేదు. కట్న మడుగు వారందఱు దుర్మార్గులను మాట మనలను సంతృప్తిపఱచునే కాని, నిజము చెప్పదు. పెండ్లిమాటలు జరుగు ఇంట పనిని ఎట్లు పంచుకొందురో చూడుడు. వరుడు నాకేమియు తెలియదు, పెద్దల యిష్టమనును. తండ్రి, నాకు పట్టింపు లేదు, ఆడవారి ముచ్చట యనును. తల్లి, పెద్దకోడలు తెచ్చినదానికి తక్కువైన నలుగురేమందురనును. మధ్యవర్తి, నేను మాట చేరవేయువాడను మాత్రమే యనును. అడిగినవాడొక్కడును లేడు, సొమ్ము మాత్రము చేతులు మాఱును. మీట మఱియొకడు నొక్కుచుండగా ప్రశ్నలు చదువుచు కూర్చున్న ఆ ముప్పదియేడుగురు వీరే. మెట్లును అట్లే. మొదట లాంఛనములు, తరువాత ఆడపడుచు కట్నము, పిమ్మట పండుగ కానుక, ఆపై వ్యాపారమునకు పెట్టుబడి. పదునైదు పదునైదు వోల్టులుగా ఎక్కినవారికి ఎక్కడ ఆగవలెనో తెలియదు. మొదటి మెట్టుననే ఆగనివానికి పదవ మెట్టున ఆగుటకు కారణము దొరకదు. ఆగినచో అంతకుముందు చేసినదెల్ల తప్పని యొప్పుకొన్నట్లగును. దూరము సంగతియు అంతే. బేరము జరుగు గదిలో వధువు తండ్రి మొగము కనబడును గాని, అప్పుపత్రముపై సంతకము చేయునప్పుడు అతని చేయి ఎట్లు వణకినదో కనబడదు.

దీనికి మందు గూడ ఆ పట్టికలోనే కలదు. ఇద్దఱు లేచి ప్రక్కకు పోయినచో ముప్పదియాఱుగురు లేచిరి. సంస్కర్తను మనము ఏకాకి వీరుడుగా చిత్రించుట మఱిగితిమి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, వారి ధైర్యమును మాత్రమే మనము పొగడుదుము. ప్రక్కన నిలిచిన రాజ్యలక్ష్మమ్మగారిని, ధనమిచ్చి ఆదుకొన్న పైడా రామకృష్ణయ్యగారిని, వెంట నడచిన విద్యార్థులను తలంపము. వారు లేనిదే ఆ ధైర్యము ఒక రాత్రి యావేశమై ముగిసెడిది. పంతులుగారికి మిల్‌గ్రామ్ పట్టికతో పని లేకపోయినది. తోడు లేనిదే కాదనుట సాగదని యనుభవముననే యెఱిగియుండిరి. అందుచే సంఘములు పెట్టిరి, పత్రికలు నడపిరి, తన వంటివారిని కూర్చుకొనిరి. గుణమును బోధించుటతో ఆగక పరిస్థితిని నిర్మించిరి.

ఇక్కడ ఒక యాక్షేపము రావచ్చును. పరిస్థితియే నడవడికి కారణమైనచో దోషికి శిక్షయేల, నీతిబోధ యేల యని. ఈ గ్రంథమును సగము చదివినవారికి తప్పక పుట్టు సందేహమిది. మా యుత్తరమేమనగా, కారణము చెప్పుట వేఱు, క్షమించుట వేఱు. అదే గదిలో లేచిపోయినవారున్నంతవఱకు మిగిలినవారి బాధ్యత పోదు. పైగా పరిస్థితిని తెలిసికొనుట వలన బాధ్యత తగ్గదు, పెరుగును. తెలియనివాడు తన చేతికి మాత్రమే బాధ్యుడు. తెలిసినవాడు తాను కూర్చుండు గదికి గూడ బాధ్యుడు. పిల్లవానికి అబద్ధమాడకుమని నేర్పు తండ్రి, నిజము చెప్పినచో దెబ్బలు పడు నింటిని గూడ మార్చవలెను. నిజాయితీ బోధించు కార్యాలయాధికారి, గుమాస్తా తన సందేహమును భయము లేక చెప్పుకొనుటకు ఒక చోటు చూపవలెను. కోడలు కాదన్న మాటకు ఇంటిలో ఇంకొక్కరైనను తోడు పలుకువలెను. ఇవి చిన్న పనులు. కాని పదునైదు వోల్టులును చిన్నవే గదా!

కనుక మా తీర్పిది. మిల్‌గ్రామ్ గ్రంథములోని ప్రయోగవర్ణనలు ప్రతి విద్యావంతుడును చదువదగినవి. అతని సిద్ధాంతమును మాత్రము వెలకట్టి పుచ్చుకొనవలెను. ఈ గ్రంథము చదివి, మేమైతే అట్లు చేయమనుకొనువారు ఆ 110 మంది జోస్యగాండ్రలో చేరుదురు. ఎవరైనను అంతే చేయుదురు గదా యని నిట్టూర్చి ఊరకుండువారు ఐక్‌మన్ వాదమునే మఱియొక భాషలో చెప్పినవారగుదురు. ఈ రెండిటి నడుమ ఇఱుకైన త్రోవ యొకటి కలదు. ఎట్టి గదిలో మనము బలహీనుల మగుదుమో ముందే తెలిసికొని, అట్టి గదులను కట్టకుండుట. కట్టియున్నవానిలో మొదట లేచు ఇద్దఱిలో ఒకరమగుట. మొదటివానికి ధైర్యము కావలెను. రెండవవానికి అంత ధైర్యము గూడ అక్కఱలేదు. ప్రక్కవాడు లేచినాడని చూచి తాను కూర్చుండకుండిన చాలును. ఆ రెండవవాని విలువను గుర్తింపజేసినందులకే ఈ గ్రంథమునకు మేము కృతజ్ఞులము.